ఫొటోగ్రఫీ కోర్స్‌వర్క్: ఇతరుల ఫొటోలు చదివి మీ షూట్‌లోకి ఎలా తెచ్చుకోవాలి

ఫొటోగ్రఫీ స్టూడెంట్ల జర్నల్స్ తిరగేస్తే 'ఆర్టిస్ట్ రీసెర్చ్' భాగం చాలావరకు ఒకే మూసలో ఉంటుంది. ఫలానాయన ఎక్కడ పుట్టాడు, ఏం చదివాడు, ఏ అవార్డులొచ్చాయి, నాలుగు ప్రింటవుట్లు, కింద 'నాకు చాలా నచ్చింది' అని ఒక ముక్క. పేజీ తిప్పితే స్టూడెంట్ సొంత ఫొటోలు మొదలవుతాయి. ముందు పేజీకీ వీటికీ ఏ చుట్టరికమూ ఉండదు. మార్కులు పోయేది అక్కడే.

దీనికి మందు ఒక్కటే. ఒక ఫొటోగ్రాఫర్ మీద మీరు రాసే ప్రతి పేజీ చివర, మీ తర్వాతి షూట్‌కు ఒక పని పుట్టాలి. 'ఎఫ్/8 అపర్చర్ దగ్గర, నీడలో, ఎదురుగా నిలబడి తొమ్మిది దుకాణాల షట్టర్లను ఫొటో తీయాలి' అన్నంత కచ్చితమైన పని. అలాంటిదేదీ పుట్టకపోతే ఆ పేజీ చించేయండి, ఏమీ పోదు.

ఈ గైడ్ మొత్తానికీ ఒకే ఉదాహరణ పట్టుకుందాం: బేగంబజార్, పాతబస్తీ గల్లీల్లోని పాత దుకాణాల ముఖాలు. మీ సబ్జెక్టు వేరైనా పద్ధతి ఇదే.

1. ముందు ప్రశ్న, తర్వాతే పేర్లు

'హైదరాబాద్ పాత దుకాణాలు' అనేది టాపిక్, ప్రశ్న కాదు. దాన్ని పట్టుకుని వెతికితే గూగుల్ వెయ్యి ఫొటోలు చూపిస్తుంది, వాటిలో ఏది పనికొస్తుందో తేల్చుకోలేరు. ఇలా మార్చండి: 'దుకాణం ముఖం చూస్తే లోపల ఏం అమ్ముతారో, ఎన్ని తరాలుగా అమ్ముతున్నారో తెలుస్తుందా?'

మీ ప్రశ్న సరైనదో కాదో చూసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. దాన్నుంచి మూడు నిర్ణయాలు రావాలి: ఎంత దూరంలో నిలబడాలి, ఏ వెలుగులో తీయాలి, ఫ్రేమ్‌లో మనుషులు ఉండాలా వద్దా. పై ప్రశ్నకు మొదటి రెండూ వెంటనే వస్తాయి. బోర్డు అక్షరాలు చదవగలగాలి కాబట్టి ఎదురుగా నిలబడాలి. అక్షరాల మీద సగం ఎండ సగం నీడ పడకూడదు. మనుషుల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మిగతా ఫొటోగ్రాఫర్ల దగ్గరికి వెళ్లేది ఆ తేలని దాని కోసమే.

2. ముగ్గురు చాలు

పదిమంది పేర్లు పెడితే ఎవరినీ చదవలేదని జ్యూరీకి, అంటే మార్కులేసే పరీక్షకులకు, ఇట్టే తెలిసిపోతుంది. ముగ్గుర్ని తీసుకోండి. మీ ఊళ్లోనో మీ సబ్జెక్టు మీదో పనిచేసినవాళ్లు ఒకరు, మీకు కావలసిన పద్ధతి ఉన్నవాళ్లు ఒకరు, ఆ పద్ధతికి పూర్తిగా ఎదురు నిలిచేవాళ్లు ఒకరు. ఈ మూడో పేరునే అందరూ వదిలేస్తారు. నిజానికి మీ నిర్ణయాలకు బలం వచ్చేది దాంతోనే.

మన ఉదాహరణకు మొదటి పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్ అయ్యాడు. ఆయన జీవితం గురించి మీ జర్నల్‌లో ఇంతకంటే అక్కర్లేదు. ఇంజనీరింగ్ చదివాడన్న ముక్క మాత్రం ఉంచండి, ఆయన భవనాల ఫొటోలు చూసేటప్పుడు పనికొస్తుంది.

పద్ధతికి జర్మనీ దంపతులు బెర్న్డ్, హిల్లా బెషర్. 1959 నుంచి దశాబ్దాల పాటు వాటర్ ట్యాంకులు, బ్లాస్ట్ ఫర్నేసులు, గనుల కట్టడాలు ఒకే తీరులో తీశారు: మబ్బు పట్టిన ఆకాశం, ఎదురు చూపు, మనుషులు లేకుండా. ఒకే రకం కట్టడాలను వరుసల్లో పేర్చి గ్రిడ్‌గా చూపించారు. 1990 వెనిస్ బియనాలే కళా ప్రదర్శనలో వాళ్లకు శిల్పకళ విభాగంలో గోల్డెన్ లయన్ అవార్డు వచ్చిందంటే ఆ ఫొటోలను జనం ఎలా చూశారో ఊహించుకోండి.

ఎదురు పేరు రఘుబీర్ సింగ్, 1942–1999. రంగు, గుంపు, అద్దాలు, ఒకే ఫ్రేమ్‌లో నాలుగు కథలు. బెషర్లు తీసేసినవన్నీ ఆయన లోపలికి తెచ్చుకున్నాడు.

మీ ప్రశ్న వేరైతే పేర్లూ మారతాయి. ఒక వృత్తివాళ్ల పోర్ట్రెయిట్లు తీస్తుంటే ఆగస్ట్ సాండర్, గౌరీ గిల్. బతుకమ్మ, పల్లె ఇళ్లు, తెలంగాణ జనజీవనం అయితే గుడిమల్ల భరత్ భూషణ్. మీరే వేషం కట్టి కెమెరా ముందు నిలబడే పనైతే పుష్పమాల. పుస్తకం, వరుసక్రమం మీ సమస్య అయితే దయానితా సింగ్. ఆమె 'మ్యూజియం భవన్' తొమ్మిది చిన్న మడత పుస్తకాల పెట్టె. ఫొటోలను పుస్తకంగా కుట్టడమే తప్ప ఇంకో దారి లేదనుకునేవాళ్లు అది తప్పక చూడాలి.

3. ఎక్కడ చూడాలి

పింటరెస్ట్‌తో మొదలుపెట్టడంలో తప్పులేదు, అక్కడే ఆగిపోవడమే తప్పు. అక్కడి ఫొటోకు పేరుండదు, ఏడాది ఉండదు. అంచులు కోసేసి ఉంటాయి, పైగా ఎవరో కాంట్రాస్ట్ పెంచి ఉంటారు. ఈమధ్య 'పాత హైదరాబాద్' అని వెతికితే ఏఐతో పుట్టించిన బొమ్మలు కూడా కుప్పలుగా తగులుతున్నాయి. ఏ ఫొటో నచ్చినా ఫొటోతోనే మూలం వెతికే గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో పెట్టి, దాన్ని దాచుకున్న మ్యూజియం పేజీ దాకా వెళ్లండి. ఆ పేజీలో ఏడాది, ప్రింట్ రకం, కొలత ఉంటాయి. ఆ మూడూ దొరక్కపోతే ఆ ఫొటోను మీ రీసెర్చ్‌లో వాడకండి.

దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి, 1989లో అక్కడికి చేరాయి. ఆల్కాజీ ఫౌండేషన్ దగ్గర పెద్ద సేకరణ ఉంది. న్యూయార్క్ మెట్ మ్యూజియం, లండన్ వీ అండ్ ఏ వెబ్‌సైట్లలో పాత భారతదేశపు ఫొటోలను పెద్ద సైజులో జూమ్ చేసి చూడొచ్చు.

తెర మీద చూసింది మాత్రం సగం చూపే. ప్రింట్‌ను కళ్లతో చూడాలి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫొటో ఫెస్టివల్ జరిగే రోజుల్లో వెళ్తే ఒకే మధ్యాహ్నం పది రకాల ప్రింటింగ్, ఫ్రేమింగ్ కనపడతాయి. జేబులో కొలత టేపు పెట్టుకుని వెళ్లండి. ప్రింట్‌ను ముట్టుకోకుండా పక్క గోడ మీద కొలిచి, సైజు, రెండు ఫ్రేముల మధ్య ఖాళీ, నేల నుంచి ఎత్తు రాసుకోండి. మీ సొంత డిస్‌ప్లేకు ఈ అంకెలే ఆధారం. చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టిన పాత ఫొటోల దగ్గరా ఇదే పని.

పుస్తకాలకు మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ లైబ్రరీ, అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఆబిడ్స్‌లో ఫొటో పుస్తకం కావాలని అడిగితే 'డిజిటల్ ఫొటోగ్రఫీ నేర్చుకోండి' రకం తీసి ఇస్తారు. పాత మ్యాగజైన్లు, టూరిజం కాఫీ టేబుల్ పుస్తకాలు అడగండి, అసలు సరుకు వాటి కిందే ఉంటుంది. బేరం మామూలే.

చూసిన ప్రతిదానికీ వివరాలు అక్కడికక్కడే రాసుకోండి: ఫొటోగ్రాఫర్, పేరు, ఏడాది, ప్రింట్ రకం, కొలత, ఎవరి దగ్గర ఉంది, మీరు ఎక్కడ చూశారు, ఏ తేదీన. సబ్మిషన్ ముందురోజు రాత్రి వీటిని మళ్లీ వెతకడం నరకం. చాట్‌జీపీటీని అడిగితే లేని ఫొటోలకు కూడా పేరూ ఏడాదీ పెట్టి ఇవ్వగలదు. అది చెప్పిన ప్రతి పేరునూ మ్యూజియం పేజీలో సరిచూసుకోవాల్సిందే.

4. ఒక్క ఫొటోను అరగంట చదవడం

ఫొటోగ్రాఫర్‌కు ఒకటి, మహా అయితే రెండు ఫొటోలు తీసుకోండి. ఏ4 సైజులో ప్రింట్ తీసి, దాని మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి పెన్సిల్‌తో పని మొదలుపెట్టండి. 'అందం', 'భావం' జోలికి వెళ్లకండి. కెమెరా ఎక్కడ ఉంది, వెలుగు ఎటు నుంచి వచ్చింది, కెమెరా షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంది అన్నవి ముందు తేల్చండి.

కెమెరా ఎత్తు. చదునైన నేల మీద నిలబడ్డవాళ్ల తలలు చూడండి. దగ్గరివాళ్ల తలలూ దూరపువాళ్ల తలలూ దాదాపు ఒకే గీత మీద ఉంటే కెమెరా మనిషి కంటి ఎత్తులో ఉన్నట్టు. దూరపువాళ్ల తలలు పైకి పోతుంటే ఏ మేడ మీద నుంచో తీశారు. దూరపువాళ్ల తలలు కిందికి దిగుతుంటే కెమెరా నడుము దగ్గరో ఛాతీ దగ్గరో ఉంది.

నిలువు గీతలు. ఎత్తయిన కట్టడం మూలలు ఫ్రేమ్ అంచుకు సమాంతరంగా ఉన్నాయా? ఫోన్‌తో చార్మినార్ తీస్తే మినార్లు పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతాయి, మీరు ఫోన్‌ను పైకి వంచారు కాబట్టి. దీన్‌దయాళ్ కాలపు పెద్ద కెమెరాల్లో వెనక గాజు ప్లేటు (ఫిల్మ్‌కు బదులు వాడేది) నిటారుగా ఉంచి లెన్స్ ఒక్కదాన్నే పైకి జరపొచ్చు, అందుకే గీతలు నిక్కచ్చిగా నిలబడతాయి. ఇంజనీరింగ్ చదివాడన్న ముక్క ఉంచమని పైన చెప్పింది ఇందుకే. మీ దగ్గర ఇలా జరిపే వీలున్న షిఫ్ట్ లెన్స్ లేకపోతే కెమెరాను లెవెల్‌గా పెట్టి, వైడ్‌లో తీసి, కింద వచ్చే ఖాళీ నేలను తర్వాత కోసేయండి.

వెలుగు. చార్మినార్ నాలుగు కమానులూ నాలుగు దిక్కులకు తెరుచుకుంటాయి. ఏ ముఖం మీద ఎండ ఉందో చూస్తే పొద్దునో సాయంత్రమో తెలుస్తుంది. ఉత్తరం ముఖం మీద మధ్యాహ్నపు ఎండ పడితే అది సుమారు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం లోపు. హైదరాబాద్‌లో సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా వెళ్లేది ఆ రోజుల్లోనే. పోర్ట్రెయిట్ అయితే కంటి పాపలోని తెల్ల చుక్క చూడండి. పైన ఒక మూలకు చతురస్రంగా ఉంటే కిటికీయో గాజు కప్పో ఉన్నట్టు.

తేదీ. చార్మినార్ గడియారాలు 1889లో పెట్టారు. ఫొటోలో గడియారం ఉండాల్సిన చోట ఖాళీగా ఉంటే అది అంతకు ముందుది. ఇంటర్నెట్‌లో తప్పు ఏడాదితో తిరిగే ఫొటోలను ఈ ఒక్క గుర్తుతోనే చాలా పట్టేయొచ్చు.

ఆకాశం. పాత ఫొటోల్లో ఆకాశం ఉత్త తెల్లగా ఎందుకుంటుంది? ఆ రోజుల ప్లేట్లకు నీలం వెలుగు బాగా, పసుపు కొద్దిగా, ఎరుపు దాదాపు అసలే అందేది కాదు. నేల సరిగా పడేంత ఎక్స్‌పోజర్ ఇస్తే నీలాకాశం పూర్తిగా కాలిపోయేది. కాబట్టి ఆ తెలుపును ఫొటోగ్రాఫర్ శైలి అని రాస్తే తప్పు. కానీ ఆ తెలుపును ముందే తెలుసుకుని, దాని మీద గోపురం అంచు కత్తిరించినట్టు కనపడేలా నిలబడటం ఆయన ఎంపిక. పరికరం చేసింది ఏది, మనిషి ఎంచుకున్నది ఏది అని విడదీసి రాసిన స్టూడెంట్‌కు మార్కులు ఆపడం ఎవరి తరమూ కాదు.

ఇవన్నీ మూడు గళ్లలో రాయండి: కనపడింది, దాన్నిబట్టి ఊహించింది, నేను తీసి పరీక్షించాల్సింది. మూడో గడి ఖాళీగా ఉన్న వరుసలను కొట్టేయండి.

5. తీసి చూడటం

జర్నల్‌లో అన్నిటికంటే ఎక్కువ పేజీలు దీనికే దక్కాలి. వాళ్ల ఫొటోను నకలు కొట్టడం కాదిక్కడ పని. ఒక్కో షూట్‌లో ఒక్క విషయమే మార్చి ఏమవుతుందో చూడాలి.

దీన్‌దయాళ్ పరీక్ష. ఒక దుకాణాన్ని రా ఫైల్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు), ఐఎస్ఓ 100 దగ్గర తీయండి. లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి, కలర్ మిక్సర్‌లో నీలాన్ని బాగా పైకి లాగి, ఎరుపు, నారింజ, పసుపును కిందికి దించండి. పాత ప్లేటుకు కనిపించినట్టే దుకాణం మీకూ కనిపిస్తుంది. ఎరుపు బోర్డు మీద తెల్ల అక్షరాలు ముందుకంటే పొడుచుకొస్తాయి. అదే ఎరుపు బోర్డు మీద పసుపు అక్షరాలైతే రెండూ నల్లబడి బోర్డు మూగబోతుంది. గడపకు రాసిన పసుపూ దాని మీది కుంకుమ బొట్లూ కలిసి ఒకే నల్ల పట్టీ అయిపోతాయి. దండలోని బంతిపూలదీ అదే గతి. మన ప్రశ్నేమో బోర్డు చదవగలగడం గురించి. అంటే ఈ పద్ధతి మీ ప్రాజెక్టుకు పనికిరాదని రుజువైంది. రంగులో తీయాలన్న నిర్ణయం ఇక మీ ఇష్టం మీద ఆధారపడదు, దానికి కారణం దొరికింది. ఆ రెండు ప్రింట్లూ పక్కపక్కన అతికించండి.

ఇందులో రెండు చిక్కులున్నాయి. నీలం ఛానెల్‌లో నాయిస్ ఎక్కువ, ఐఎస్ఓ పెంచితే ఆకాశం ఇసుక చల్లినట్టవుతుంది. స్లయిడర్లను చివరిదాకా లాగితే గోడ అంచుల వెంట తెల్లటి వలయం వస్తుంది, అది కనపడగానే వెనక్కి తగ్గండి.

బెషర్ పరీక్ష. తొమ్మిది దుకాణాల షట్టర్లు, ఒకే దూరం, ఒకే ఎత్తు, ఒకే వెలుగు. చెప్పడం సులువే, చేయబోతే గల్లీ అడ్డుపడుతుంది. చిన్న సెన్సర్ కెమెరాకు 18-55 కిట్ లెన్స్ ఉంటే 24 మిల్లీమీటర్ల దగ్గర పెట్టండి. అప్పుడు ఎన్ని అడుగుల దూరంలో నిలబడితే దాదాపు అన్ని అడుగుల వెడల్పు ఫ్రేమ్‌లోకి వస్తుంది. ఫుల్ ఫ్రేమ్‌కు 35 మిల్లీమీటర్లు పెడితే ఇదే లెక్క. పన్నెండు అడుగుల దూరం నుంచి పన్నెండు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. షట్టర్, పైన బోర్డు కలిపి ఎనిమిది అడుగులు దాటితే పద్నాలుగు, పదిహేను అడుగుల దూరం కావాలి. అంత జాగా లేని గల్లీలను లిస్టులోంచి తీసేయండి. ఒక్కదాని కోసం 18 మిల్లీమీటర్లకు దిగితే ఆ ఒక్కటీ గ్రిడ్‌లో ఉబ్బిపోయి కనపడుతుంది.

జూమ్ రింగ్ జారకుండా చిన్న టేపు ముక్క అంటించండి. ట్రైపాడ్ ఎత్తు నాలుగున్నర అడుగుల దగ్గర స్థిరం చేసి, కాలి మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి. లెన్స్ దుకాణం షట్టర్‌కు కచ్చితంగా ఎదురుగా ఉందో లేదో తెలియాలంటే షట్టర్ అడ్డపట్టీలు చూడండి. అవి ఫ్రేమ్ పై అంచుకు సమాంతరంగా లేకపోతే మీరు పక్కకు తిరిగి ఉన్నట్టే. ఎడిటింగ్‌లో సరిచేద్దాంలే అనుకోవద్దు, తొమ్మిదింటినీ తొమ్మిది రకాలుగా లాగితే గ్రిడ్ వంకర్లు పోతుంది.

బెషర్ల మబ్బు మనకు వానాకాలంలోనే దొరుకుతుంది. మిగతా నెలల్లో నీడ కోసం వేళ చూసుకోవాలి. పడమర ముఖం దుకాణాలు పొద్దున, తూర్పు ముఖానివి మధ్యాహ్నం దాటాక. షట్టర్లు దించి ఉండాలంటే ఎలాగూ ఏడు నుంచి తొమ్మిది లోపే వెళ్లాలి, కాబట్టి పడమర ముఖం వరుసే ఎంచుకోండి. ఇరుకు గల్లీ నీడలో ఐఎస్ఓ 400, ఎఫ్/8, 1/60 సెకను దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వద్దు. నీలం షట్టర్ ముందు కెమెరా పసుపు కలుపుతుంది, ఆకుపచ్చ షట్టర్ ముందు గులాబీ కలుపుతుంది, తొమ్మిది గోడలు తొమ్మిది రంగులవుతాయి. ఒక్క అంకె పెట్టి, మార్చకండి.

రఘుబీర్ సింగ్ పరీక్ష. అవే దుకాణాలు, ఈసారి సాయంత్రం ఆరున్నరకు, జనంతో. అంబాసిడర్ కారు తలుపులు, కిటికీలు, అద్దాల్లోంచి దేశాన్ని చూపించిన పని ఆయనది. మీరు ఆటో వెనక సీట్లో కూర్చోండి. డ్రైవర్‌కు ముందే చెప్పి, ఆగి ఉన్న ఆటోలోంచే తీయండి. పక్క అద్దంలో ఒక దుకాణం, ముందు గాజులోంచి ఇంకొకటి, మధ్యలో డ్రైవర్ భుజం. మూడింటిలో ఏదీ మరోదాన్ని మింగకూడదు. ఆయన వాడిన స్లైడ్ ఫిల్మ్‌కు వెలుతురు ఎక్కువైతే తిరిగి రాదు, నీడలు మునిగినా ఫర్వాలేదు. మీరూ ఎక్స్‌పోజర్‌ను మైనస్ 2/3కి దించి, తర్వాత నీడలను పైకి లేపకుండా వదిలేయండి. ట్యూబ్‌లైట్ల రంగూ ఆకాశపు నీలమూ ఒకే ఫ్రేమ్‌లో కలిసేది పొద్దుగూకిన తర్వాత ఇరవై నిమిషాలే. ఆ సమయం ముందే చూసుకుని వెళ్లండి.

ఈ రెండు పరీక్షలూ అయ్యాక ఇందాక తేలని ప్రశ్న దగ్గరికి రండి: మనుషులు ఉండాలా? షట్టర్ గ్రిడ్‌లో వయసు కనపడింది, సరుకు కనపడలేదు. సాయంత్రపు ఫొటోల్లో సరుకు కనపడింది, బోర్డులు పోయాయి. మూడో దారి మీది. దుకాణం తెరిచి ఉండగా, ఎదురు చూపుతోనే, యజమాని గల్లా దగ్గర కూర్చుని ఉండగా తీయొచ్చు. ఇంకేదైనా తోచొచ్చు. జ్యూరీ చూడాలనుకునేది ఈ మలుపునే.

జనంతో మాట. కెమెరా తీసే ముందే మనిషిని పలకరించండి. 'అన్నా, కాలేజీ ప్రాజెక్టు, మీ షాపు ఫొటో తీసుకోవచ్చా?' పాతబస్తీలో అయితే 'భాయ్, ఏక్ ఫొటో లేలూం?' ట్రైపాడ్ కనపడగానే జీహెచ్ఎంసీ వాళ్లో ట్యాక్స్ వాళ్లో అన్న అనుమానం వస్తుంది. ఐడీ కార్డు మెడలో ఉంచుకోండి, డిపార్ట్‌మెంట్ లెటర్ జిరాక్స్ నాలుగు కాపీలు పెట్టుకోండి. వద్దంటే వాదించకండి. రెండోసారి వెళ్లేటప్పుడు మొదటిసారి తీసినది 4x6 ప్రింట్ ఇవ్వండి, పక్క షాపువాళ్లే పిలుస్తారు. చార్మినార్, గోల్కొండ లాంటి ఆర్కియలాజికల్ సర్వే కట్టడాల లోపల ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి.

6. రాయడం

షూట్ చేసిన రోజే రాయండి. జర్నల్‌లో కనపడే వాక్యం ఇలా ఉంటుంది:

'దీన్‌దయాళ్ గొప్ప ఫొటోగ్రాఫర్. ఆయన ఫొటోల్లో కాంతి అద్భుతం. ఆయన స్ఫూర్తితో నేను పాత దుకాణాలు తీశాను.'

ఉండాల్సింది ఇలా:

'ఈ ప్లేటులో ఎరుపు, పసుపు రెండూ నల్లగా పడతాయి. నా నీలం ఛానెల్ పరీక్షలో (ఫ్రేమ్ 14) పసుపు అక్షరాల బోర్డు చదవలేకపోయాను. నా ప్రశ్నకు బోర్డు చదవడం ముఖ్యం కాబట్టి రంగులో తీస్తున్నాను. ఆయన నిలువు గీతల క్రమశిక్షణ మాత్రం ఉంచుకుంటున్నాను.'

తీసుకున్నది ఒకటి, వదిలేసింది ఒకటి, కారణం, ఫ్రేమ్ నంబరు. తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా ఈ నాలుగూ ఉంటే చాలు, భాష సాదాగా ఉన్నా ఎవరూ తప్పుపట్టరు.

చదువు కోసం, విమర్శ కోసం ఇతరుల ఫొటోలను జర్నల్‌లో చిన్నగా పెట్టుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. పేరు, మూలం రాయడం మాత్రం మరవద్దు. అదే జర్నల్‌ను బిహాన్స్ వెబ్‌సైట్‌లో పోర్ట్‌ఫోలియోగా పెట్టేటప్పుడు వాళ్ల ఫొటోలు తీసేసి మీవి మాత్రమే ఉంచండి.

7. ఏరడం, ప్రింట్

ప్రతి షూట్‌కూ కాంటాక్ట్ షీట్ (తీసిన ఫ్రేములన్నీ చిన్నగా ఒకే కాగితం మీద) ప్రింట్ తీయండి, పాడైన ఫ్రేములతో సహా. ఎంచుకున్నవాటి చుట్టూ ఎర్ర పెన్సిల్ గీత, పక్కన ఎందుకో రెండు మాటలు. తర్వాత ఓ నలభై ఫొటోలు 4x6లో వేయించి నేల మీద పరిచి జరుపుకోండి. ల్యాప్‌టాప్‌లో బాగున్న వరుస నేల మీద కూలిపోవడం మామూలే, తెర మీద ఒక్కోటిగా చూస్తారు కాబట్టి.

ఫైనల్ ప్రింట్లకు సైజు ముందే ఆలోచించండి. 3:2 ఫ్రేమ్‌కు 4x6, 8x12, 12x18 అతికినట్టు సరిపోతాయి. 8x10 అన్నా ఏ4 అన్నా అంచు తెగుతుంది. బెషర్ తరహాలో అంచు దాకా కొలిచి తీసిన షట్టర్‌కు అది చావుదెబ్బ. 12x18కి అంగుళానికి 300 పిక్సెళ్ల (300 పీపీఐ) లెక్కన 3600x5400 పిక్సెళ్లు కావాలి, 24 మెగాపిక్సెల్ కెమెరా హాయిగా ఇస్తుంది. ఎస్ఆర్‌జీబీ కలర్ ప్రొఫైల్‌లో జేపెగ్ ఇవ్వండి. కౌంటర్‌లో 'కలర్ కరెక్షన్ వద్దు' అని కవర్ మీద రాయించండి, లేకపోతే మెషీన్ ఒక్కో షట్టర్‌నూ తన లెక్కన దిద్ది గ్రిడ్‌ను చెడగొడుతుంది. ప్రింట్లు చీకటిగా వస్తే చాలాసార్లు తప్పు ల్యాబ్‌ది కాదు, ల్యాప్‌టాప్ బ్రైట్‌నెస్ నిండా పెట్టి ఎడిట్ చేయడమే. తెర పక్కన తెల్ల కాగితం పెట్టి, రెండూ ఒకే వెలుగులో కనపడేదాకా బ్రైట్‌నెస్ తగ్గించి అప్పుడు ఎడిట్ చేయండి. మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క టెస్ట్ ప్రింట్ తప్పదు.

పేపర్ మ్యాట్ తీసుకోండి. గ్లాసీ మీద జ్యూరీ హాల్ ట్యూబ్‌లైట్లు అద్దంలో పడ్డట్టు పడతాయి.

8. గోడ మీద, సబ్మిషన్‌లో

తొమ్మిది 8x12 అడ్డ ప్రింట్లు, మధ్య అంగుళం ఖాళీతో మూడు వరుసలు పేరిస్తే మొత్తం 38 అంగుళాల వెడల్పు, 26 అంగుళాల ఎత్తు. గ్రిడ్ నడిమధ్య నేల నుంచి 58 అంగుళాల దగ్గర పెట్టండి. కొలిచి గోడకు పెన్సిల్ గీత పెట్టుకున్నాకే అంటించండి.

ప్రింట్లు అంటించే సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ అట్ట) 5 మిల్లీమీటర్లది అడగండి, 3 మిల్లీమీటర్లది రెండు రోజుల్లో విల్లులా వంగుతుంది. వానాకాలంలో మౌంటింగ్ అయిన వెంటనే కవర్‌లో చుట్టకండి, తేమ లోపలే ఉండి బుడగలు లేస్తాయి. ఒక రాత్రి ఫ్యాన్ కింద పడుకోబెట్టి, మర్నాడు రెండు సన్‌బోర్డ్‌లు ముఖాముఖిగా, మధ్యలో బటర్ పేపర్ పెట్టి, బయట పెద్ద పాలిథిన్ కవర్ వేసి తీసుకెళ్లండి.

వైవాలో తప్పక వచ్చే ప్రశ్న: 'ఈ ఫొటోగ్రాఫర్‌ను చూడకపోయి ఉంటే నీ ప్రాజెక్టులో ఏం మారేది?' జవాబు నోటితో చెప్పకండి, మూడో గడి ఉన్న పేజీ తెరిచి ఫ్రేమ్ నంబరు చూపించండి. వదిలేసిన పరీక్షల పేజీలకు స్టిక్కీ నోట్లు అంటించుకుని వెళ్తే తడుముకోవాల్సిన పనిలేదు.

ఫైళ్లు రెండు చోట్ల ఉంచండి, పెన్ డ్రైవ్‌తో పాటు గూగుల్ డ్రైవ్‌లోనూ. ప్రతి ప్రింట్ వెనక మీ పేరు, ఫొటో నంబరు, తీసిన తేదీ, గ్రిడ్‌లో స్థానం రాయండి. ల్యాబ్ ఫొటో పేపర్ వెనక పెన్సిల్ పట్టదు, బాల్‌పెన్ ముందుకు గుచ్చుకుంటుంది. సన్నటి పర్మనెంట్ మార్కర్‌తో రాసి, ఆరాకే ఒకదాని మీద ఒకటి పేర్చండి.